చిగుళ్ల జబ్బు ఉంటే క్లిప్పులా, అలైనర్లా?

పళ్ల మధ్య సందు ఉంటే అదృష్టమంటుంది మా అమ్మ. పుట్టుకతో ఉన్నదైతే సరే. నలభై దాటాక ముందు పళ్ల మధ్య కొత్తగా సందు పడిందంటే చిగుళ్ల జబ్బు లోపల ఎముకను తినేస్తోందేమో చూపించుకోవాలి. పట్టు తప్పిన పళ్లు నాలుక తోపుకే ముందుకు జరుగుతాయి. నాకూ అదే జరిగింది. అనంతపురంలో మొదట వెళ్లిన క్లినిక్‌లో నోరు ఓసారి చూసి, "రేపే క్లిప్పులు వేద్దాం" అన్నారు. చిగుళ్లు ముట్టి కూడా చూడలేదు. నేను మళ్లీ అటువైపు పోలేదు.

రక్తం కారే చిగుళ్లకు క్లిప్పులైనా, అలైనర్లైనా (పళ్లకు తొడిగి తీసే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) చేటే. పన్ను జరగాలంటే ఒకవైపు ఎముక కరగాలి, రెండోవైపు కొత్తది పుట్టాలి. వాపు ఉన్నచోట కరగడం జోరుగా సాగుతుంది, పుట్టడం వెనకబడుతుంది. అందుకే ముందు డీప్ క్లీనింగ్, అంటే చిగుళ్ల కింద పేరుకున్న గార తీయించుకోవడం. కొన్ని నెలలు ఆగి, సన్నని కొలత పుల్లతో చిగురు కింది గుంతలు చూస్తారు. లోతు 4 మిల్లీమీటర్లు దాటకుండా, రక్తం రాకుండా ఉంటే అప్పుడు వరుస సంగతి. షుగరు అదుపులో ఉండాలి, పొగాకు మానాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మనవాళ్ల భయం. అప్పుడు కదిలేవి ముందే ఎముక పోయిన పళ్లు. అంతవరకూ గార వాటిని సిమెంటులా పట్టి ఉంచింది, అంతే.

ఇక శుభ్రత విషయంలో అలైనర్లదే పైచేయి. తీసి పక్కనపెట్టి హాయిగా తోముకోవచ్చు. క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుంటుంది. పొద్దున తిన్న ఉగ్గాని బొరుగు సాయంత్రం దాకా తీగ కిందే ఉంటుంది. క్లిప్పులే తప్పకపోతే తీగను క్లిప్పుకు పట్టించే రబ్బరు రింగులు వద్దని, సన్న స్టీలు తీగతో కట్టమని అడగండి. రబ్బరుకు పాచి ఎక్కువ పడుతుంది.

అయితే పన్ను నడక మీద అదుపు క్లిప్పులదే. ఎముక తగ్గిన పన్ను లోతుగా పాతని గుంజ లాంటిది, కాస్త తోసినా వాలిపోతుంది. వేరుతో సహా జరపాలంటే, బయటికి సాగిన పన్నును లోపలికి దించాలంటే తీగతో మెల్లగా, తేలిక బలంతో లాగడమే నమ్మకం. ముందుకు వాలిన పళ్లను వెనక్కి తెచ్చి చిన్న సందులు మూయడానికి అలైనర్లు చాలు.

మన జిల్లాల నీళ్లలో ఫ్లోరైడు ఇంకో తలనొప్పి. బాగా మచ్చలు పడ్డ పంటికి క్లిప్పు గట్టిగా అతకదు, ఊడిపోతుంటుంది. అలైనర్లకూ పంటి మీద చిన్న బొడిపెలు అంటిస్తారు కాబట్టి వాటికీ ఈ బాధ కొంత ఉంది. ఖర్చు మామూలుగా అలైనర్లకే ఎక్కువ. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. చిగుళ్ల డాక్టరు, వరుస సరిచేసే డాక్టరు ఒకే చోట దొరకడం ఈ జబ్బుకు పెద్ద సౌకర్యం.

పద్ధతిగా ఉండే మా వదిన లాంటివాళ్లకైతే అలైనర్లే చెప్తాను. అవి రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. నాకేమో గంటకో టీ కావాలి, టీకి తీస్తే మళ్లీ పెట్టుకోవడం గుర్తుండదు. అందుకే క్లిప్పులు వేయించుకున్నాను. రాత్రిళ్లు అద్దం ముందు పావుగంట సందుల బ్రష్‌తో కుస్తీ. అవి తీశాక పళ్ల వెనక సన్న తీగ అంటించారు. అది, మూడు నెలలకోసారి క్లీనింగు, ఇక జీవితాంతం తప్పవన్నారు.