కొన్నేళ్లు వాడాక: నా గణితం క్లాసులో నిలిచిన డిజిటల్ టూల్స్

నేను హైస్కూలు పిల్లలకు గణితం చెబుతాను. మా క్లాసులోకి టచ్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) వచ్చి కొన్నేళ్లయింది. దాని వెనకే జియోజీబ్రా (గ్రాఫ్‌లు, జ్యామితి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్), ప్లిక్కర్స్ (కాగితం కార్డులతో క్లాసు జవాబులు తీసుకునే యాప్), ఆన్‌లైన్ క్విజ్ ఫారమ్‌లు, ఫెట్ సిమ్యులేషన్లు (సైన్స్, గణితం భావనలను తెర మీద కదిలించి చూసే బొమ్మలు) ఒక్కొక్కటిగా చేతికొచ్చాయి. కొత్తగా వచ్చినప్పుడు ఏదైనా బాగానే ఉంటుంది. మోజు తీరిపోయి, సిలబస్ నెత్తిన కూర్చుని, పరీక్షల టెన్షన్ మొదలయ్యాక కూడా దాన్ని తెరుస్తున్నామా లేదా అన్నది చూడాలి. అలా చూస్తే నా దగ్గర గట్టిగా నిలిచినవి రెండే: జియోజీబ్రా, ప్లిక్కర్స్. ప్యానెల్ ఉంటే మంచిదే, లేకపోతే మామూలు ప్రొజెక్టర్‌తోనూ పని నడుస్తుంది. స్లైడ్లు చాలావరకు తగ్గించేశాను. పాయింట్లు, ర్యాంకులు చూపించే గేమ్ క్విజ్‌లు పూర్తిగా మానేశాను.

జియోజీబ్రాతో మొదలుపెడతాను, చెప్పాల్సింది దాని గురించే ఎక్కువ. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ తన మాస్టర్స్ చదువులో భాగంగా 2001లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. టీచర్లకు, పిల్లలకు ఉచితం. బ్రౌజర్‌లో తెరవచ్చు, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఒకవైపు సమీకరణం, పక్కనే దాని గ్రాఫ్. ఒకదాన్ని మారిస్తే రెండోది కూడా అప్పటికప్పుడే మారుతుంది. దాని బలమంతా ఇక్కడే ఉంది.

ఒక్క ఉదాహరణ చెబితే విషయం తెలుస్తుంది. వర్గ బహుపదుల పాఠంలో y = ax² + bx + c అని టైప్ చేసి a, b, c లకు మూడు స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) పెడతాను. a ని జరిపితే పరావలయం (ఆ సమీకరణానికి వచ్చే గిన్నెలాంటి వంపు) సన్నబడుతుంది, వెడల్పవుతుంది, రుణ సంఖ్య అయితే తలకిందులవుతుంది. c ని జరిపితే మొత్తం బొమ్మ పైకీ కిందకీ కదులుతుంది. ఈ రెండూ పిల్లలు తొందరగానే పట్టేస్తారు. అక్కడ ఆపి, శీర్షం అంటే ఆ వంపు మలుపు తిరిగే బిందువని గుర్తుచేసి, a = 1, c = 0 గా ఉంచి, "ఇప్పుడు b ని −4 నుంచి 4 దాకా జరుపుతాను. శీర్షం ఏ దారిలో వెళ్తుందో నోట్‌బుక్‌లో గీయండి" అంటాను. ప్యానెల్ మీద చెయ్యి పెట్టను. చాలామంది అడ్డంగా ఒక గీత గీస్తారు. b మారితే బొమ్మ పక్కకు జరుగుతుందని వాళ్ల ఊహ. కొందరు ఏటవాలు గీత గీస్తారు. ఎవరైనా ఏమీ గీయకుండా కూర్చుంటే ఇంకాసేపు ఆగుతాను.

అందరూ గీశాక శీర్షానికి ట్రేస్ ఆన్ చేసి స్లైడర్ జరుపుతాను. శీర్షం (2, −4) దగ్గర బయల్దేరి, ఎడమవైపు పైకెక్కుతూ మూలబిందువు దాకా వచ్చి, మళ్లీ కిందికి దిగి (−2, −4) దగ్గర ఆగుతుంది. అది నడిచిన దారిలో చుక్కలు మిగులుతాయి. ఆ చుక్కలన్నీ కలిసి ఇంకో పరావలయం, తలకిందులుగా! క్లాసంతా ఒక్కసారి గోలగోలగా అవుతుంది. "టీచర్, అలా ఎందుకొచ్చింది?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్తాను. శీర్షం దగ్గర x = −b/2, అంటే b = −2x. దాన్ని y = x² + bx లో పెడితే y = x² − 2x² = −x². రెండే లైన్లు. ఈ రెండు లైన్లూ నేను అంతకుముందు ఏళ్లలోనూ బోర్డు మీద రాశాను, కానీ ఆ "ఎందుకు" పిల్లల నోటి నుంచి వచ్చాక రాస్తే వాళ్లు వినే తీరే వేరు.

ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే. తెర మీద బొమ్మ కదలకముందే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఏదో ఒక జవాబు రాసి ఉండాలి. ఊహ రాయకుండా స్లైడర్ జరిపితే అది చూసి ఆనందించి వదిలేసే బొమ్మ. ఊహ రాశాక జరిపితే "నేను అనుకున్నది ఎందుకు కాలేదు" అనే పట్టుదల వస్తుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో సైన్స్ క్లాసులను రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నట్టు తేలింది. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని ఆమె గమనించారు. డిజిటల్ టూల్స్ ఆ ఒక్క సెకనును కూడా మింగేసే ప్రమాదం ఉంది. బటన్ నొక్కితే జవాబు వచ్చేస్తుంది కదా, చెయ్యి ఊరుకోదు. అందుకే ప్రశ్న అడిగేటప్పుడు ప్యానెల్‌కి రెండడుగుల దూరంలో నిలబడటం అలవాటు చేసుకున్నాను.

జ్యామితిలో దీని ఉపయోగం ఇంకోరకం. కంటికి చతురస్రంలా కనిపించేట్టు నాలుగు బిందువులు పెట్టి గీతలు కలిపితే, ఒక మూల పట్టుకుని లాగగానే అది చెదిరిపోతుంది. లంబరేఖలు, వృత్తాలు వాడి నిర్మిస్తే ఎంత లాగినా చతురస్రంగానే ఉంటుంది, పెద్దదవుతుంది, తిరుగుతుంది, అంతే. పిల్లలు ఒకరి నిర్మాణాన్ని ఒకరు లాగి పరీక్షిస్తారు. ఒక ఆకారానికి ఉండే ధర్మం అంటే ఏమిటో, బొమ్మ అలా కనిపించడం అంటే ఏమిటో వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. పరివృత్త కేంద్రం (త్రిభుజం మూడు శీర్షాల గుండా వెళ్లే వృత్తానికి కేంద్రం) కూడా అంతే. అల్పకోణ త్రిభుజంలో లోపల ఉన్న బిందువు, శీర్షాన్ని లాగుతూ పోతే లంబకోణం దగ్గర సరిగ్గా కర్ణం మధ్యకు వచ్చి, అధికకోణం కాగానే బయటికి దాటుతుంది.

ఒకసారి త్రిభుజం కోణాలు మూడూ తెర మీద చూపించాను: 47.33°, 61.33°, 71.33°. వెనక బెంచీలో ఒకమ్మాయి చకచకా కూడి, "టీచర్, 179.99 వస్తోందండి" అంది. మామూలుగా జియోజీబ్రా రెండు దశాంశ స్థానాలకే సవరించి చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో రౌండింగ్ మార్చి మూడో స్థానం చూపించేసరికి 47.334, 61.333, 71.333 అని వచ్చాయి. మొత్తం 180. ఆ రోజు అనుకున్న పాఠం పక్కనపెట్టి, కొలతకూ నిరూపణకూ ఉన్న తేడా మీదే పీరియడ్ అంతా గడిపాం. ఎన్ని దశాంశాలు చూపించినా యంత్రం ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. మూడు కోణాల మొత్తం 180° అని భుజానికి సమాంతరంగా రేఖ గీసి చేసిన నిరూపణకు ఆ ఇబ్బంది లేదు.

ఒక్క షరతు. నిర్మాణాల పాఠంలో ముందు వృత్తలేఖిని, స్కేలు పట్టుకోవాలి. కాగితం మీద లంబ సమద్విఖండన రేఖ గీయని పిల్లలకు తెర మీద ఒక్క క్లిక్‌తో వచ్చే రేఖ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఇక ప్లిక్కర్స్. పిల్లల దగ్గర ఫోన్లు, ట్యాబ్‌లు ఏవీ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు, దాని మీద ఎవరిది వారికి వేరుగా ఉండే నల్లటి ఆకారం. నాలుగు అంచుల్లో చిన్నగా ఎ, బి, సి, డి. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, నేను ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి చూపిస్తాను. ఎవరు ఏమన్నారో నా ఫోన్‌లో పడిపోతుంది. ఆకారాలు వేరువేరు కాబట్టి పక్కవాళ్ల కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. చెయ్యెత్తడానికి మొహమాటపడే పిల్లలకు ఇది నిజంగా వరం. ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ప్రతిసారీ సరైన జవాబే పట్టుకుంటున్నాడని నాకు ఈ కార్డుల వల్లే తెలిసింది.

అయితే ప్రశ్న బాగుంటేనే కార్డు పనికొస్తుంది. −3² విలువ ఎంత? అని అడుగుతాను. ఎంచుకోవడానికి 9, −9, 6, −6. సరైనది −9. ఇందులో 9 అన్నవాళ్లు రుణ గుర్తును కూడా వర్గం చేశారు, −6 అన్నవాళ్లు వర్గాన్ని రెట్టింపు అనుకున్నారు. తప్పు జవాబును బట్టే ఎక్కడ తడబడ్డారో తెలియాలి. ఏదో నాలుగు అంకెలు పడేస్తే ఎంతమంది తప్పారన్నది తప్ప ఇంకేమీ తెలియదు. క్లాసు రెండుగా చీలితే సరైనది చెప్పేయను. "పక్కవాళ్లను ఒప్పించండి" అని కాస్త సమయం ఇచ్చి మళ్లీ కార్డులెత్తమంటాను. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రాచుర్యంలోకి తెచ్చిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ఇదే. మొదటిసారి ఎవరెటున్నారో తెర మీద చూపించకపోవడం ముఖ్యం. చూపిస్తే ఆలోచించడం మానేసి మెజారిటీ వైపు దూకుతారు.

కార్డులు కాస్త మందంగా, మెరుపు లేని కాగితం మీద ప్రింట్ తీసుకోండి. మెరిసే లామినేషన్ చేయిస్తే లైటు పడి కెమెరా చదవలేదు. ఆకారం మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోమని మొదటి వారం రోజూ చెప్పాల్సి వస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

టచ్ ప్యానెల్ మీద నా అభిప్రాయం మిశ్రమం. మా దాంట్లో టచ్‌ను పట్టేది అంచుల చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. వేలు ఆ కిరణాలను అడ్డుకున్నచోట టచ్ అయినట్టు లెక్క. కాబట్టి చొక్కా చేయి తగిలినా, పురుగు వాలినా, అంచులో సుద్దపొడి పేరుకున్నా దాన్నీ వేలే అనుకుంటుంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే వేళ గీతలు వాటంతటవే పడుతుంటే సాఫ్ట్‌వేర్ చెడిపోయిందేమోనని అందరం కంగారుపడ్డాం. కర్టెన్ వేసి, పొడి మెత్తటి గుడ్డతో అంచులు తుడిస్తే సర్దుకుంది. సుద్ద బోర్డు పక్కనే ఉన్న గదిలో ఈ తుడవడం రోజువారీ పని అనుకోవాలి. అమర్చేటప్పుడు పిల్లల చేతికి అందే ఎత్తు చూసుకోవడం కూడా చాలామంది మర్చిపోతారు.

నిరూపణలకు మాత్రం ఇప్పటికీ నల్లబోర్డే. ప్యానెల్‌లో పేజీ నిండితే మొదటి మెట్టు పైకి వెళ్లిపోతుంది. ఆరో లైన్ దగ్గర "ఇది రెండో లైన్ నుంచి వచ్చింది" అని చూపించాలంటే వెనక్కి జరపాలి. బోర్డు మీద అన్నీ ఒకేసారి కళ్లముందుంటాయి. స్లైడ్లు తగ్గించింది కూడా ఇందుకే. సిద్ధంగా ఉన్న నిరూపణ ఒక్కో లైనూ జారుకుంటూ వస్తుంటే పిల్లలు కాపీ చేసుకుంటారు. నేను ఆలోచిస్తూ రాస్తుంటే వాళ్లూ నాతోపాటు ఆలోచిస్తారు.

గేమ్ క్విజ్‌లు మానేయడానికి కారణం వేగం. ముందు నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు వచ్చే చోట, నిదానంగా సరిచూసుకునే పిల్లలు ప్రతిసారీ కింద మిగులుతారు. గణితంలో సరిచూసుకోవడం మంచి గుణం. దానికి శిక్ష పడటం నాకు నచ్చలేదు. సెలవుల ముందు సరదాకి పెట్టుకోవచ్చేమో.

ఇంటి పనికి ఆన్‌లైన్ ఫారమ్‌లు బాగున్నాయి. మార్కులు వాటంతటవే పడతాయి, ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు ఒకచోట కనిపిస్తాయి కాబట్టి మర్నాడు పాఠం అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. టైప్ చేసే జవాబులకు 1/2, 0.5 రెండూ సరైనవే అని ముందే పెట్టుకోండి, లేదంటే సరిగ్గా చేసిన పిల్లలకు సున్నా వచ్చి ఏడుపు మొహంతో వస్తారు. ఫోన్ నంబర్లు అడగవద్దు, రోల్ నంబర్ చాలు. ఇంట్లో ఫోన్ దొరకని పిల్లలకు అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వాలి, వాళ్లకు అదనపు గడువు కూడా ఇవ్వాలి. ఈ ఏర్పాటు లేకుండా ఆన్‌లైన్ హోంవర్క్ పెట్టడం అన్యాయం.

ఫెట్ సిమ్యులేషన్లను నాకు పరిచయం చేసింది మా సైన్స్ మేడమ్. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు. భిన్నాలకు, సరళరేఖల గ్రాఫ్‌లకు వాడతాను. ఒక్కో సిమ్యులేషన్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే తెరుచుకుంటుంది.

నేర్చుకోవడం గురించి కూడా చెప్పాలి. ప్యానెల్‌తో పాటు ఇచ్చిన ట్రైనింగ్‌లో బటన్లన్నీ చూపించారు. ఏ పాఠానికి ఏది, ఎందుకు అన్న మాట రాలేదు. నాకు పని నేర్పింది సాయంత్రం ఖాళీ క్లాసులో మేడమ్, నేను చెరో పాఠం పట్టుకుని ఒకరికొకరు చెప్పుకోవడం. ఆవిడకు గణితం అంతగా పట్టదు, నాకు కరెంటు సర్క్యూట్లు పట్టవు. అందుకే ఇద్దరం పిల్లల్లాగే ప్రశ్నలు అడిగేవాళ్లం. "ఇప్పుడు దీన్ని ఎందుకు జరిపారు మేడమ్?" అని ఆవిడ అడిగినప్పుడల్లా నా పాఠంలో ఒక మెట్టు బాగుపడేది.

ఇప్పుడు మొదలుపెడుతున్న టీచర్ అయితే ముందు ప్లిక్కర్స్ కార్డులు ప్రింట్ తీసుకోండి, వాటికి ప్యానెల్ కూడా అక్కర్లేదు. జియోజీబ్రాలో పిల్లలు బాగా తడబడే పాఠం ఒక్కటి ఎంచుకుని, దానికి మీ చేత్తోనే ఫైలు తయారు చేసుకోండి. ఇతరులు చేసినవి వేలల్లో దొరుకుతాయి, కానీ ఎక్కడ ఆగాలో మీరు చేసుకున్న ఫైలులోనే మీకు తెలుస్తుంది. ఆ ఫైళ్ల కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజునో, నెట్ లేని రోజునో అదే తెరుచుకుంటుంది.