జాగ్రత్త: ఐదు దీవులు చూపించి ఒక్క దీవి అమ్మారు

బీటా దశలో ఉన్న, అంటే ఇంకా పూర్తికాని కంప్యూటర్ ఆటను ముందుగానే కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు నా కథ ఒకసారి చదవండి.

ఇద్దరే కలిసి తయారుచేస్తున్న ఒక సముద్రయానం ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నాను. తొమ్మిది వందల చిల్లర. ట్రైలర్‌లో తుఫాను, చిరిగే తెరచాపలు, ఐదు దీవులు. నా చేతికి వచ్చింది ఒక్క దీవి. మిగతా వాటి వైపు పడవ తిప్పితే నడిసముద్రంలో కనిపించని గోడ తగిలి ఆగిపోయేది. సరే, బీటా అన్నాక లోపాలు ఉంటాయని సర్దుకున్నాను.

మూడో వారంలో వచ్చిన అప్‌డేట్ నేను దాచుకున్న ఆటనంతా తుడిచిపెట్టింది. పాత సేవ్‌లు పనిచేయవని మర్నాడు ఒక్క వాక్యం రాశారు. ఆ తర్వాత ఎనిమిది నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. అమ్మకం మాత్రం ఆగలేదు, పండుగ తగ్గింపు కూడా ఇచ్చారు! నా ఒళ్లు మండింది అక్కడే.

డబ్బు వెనక్కి అడగవచ్చు కదా అంటారేమో. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే అడగవచ్చు. అయితే ఆట తెరిచి ఉంచిన సమయమంతా ఆడినట్టే లెక్క. మొదటి రాత్రి మెనూ అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాను. తిని, గిన్నెలు కడిగి వచ్చేసరికి రెండు గంటల పదకొండు నిమిషాలు! ఇందులో నిందించాల్సింది నన్నే.

ఇంకో తప్పు కూడా నాదే. ఈ బీటా దశ ఎంతకాలం ఉంటుందో తయారీదారులు అమ్మకం పేజీలోనే రాస్తారు. వీళ్లు ‘ఆరు నెలల నుంచి ఏడాది’ అన్నారు. ఆట మొదట వచ్చిన తేదీ చూస్తే అప్పటికే రెండేళ్లు దాటింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు డబ్బు పోయాక వచ్చింది. ఏడాదికి పైగా అప్‌డేట్ లేకపోతే ఆ సంగతి పేజీలో కనిపించే ఏర్పాటు 2025లో వచ్చింది కానీ, ఎనిమిది నెలల మౌనానికి అది వర్తించదు.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. హేడీస్ అనే ఆట 2018 డిసెంబరులో ఇలాగే పూర్తికాకముందే అమ్మకానికి వచ్చి 2020 సెప్టెంబరులో పూర్తయింది. మరోవైపు ‘ద డే బిఫోర్’ అనే ఆట 2023 డిసెంబరు 7న వచ్చింది, నాలుగు రోజులకే దాని సంస్థ మూసివేత ప్రకటించింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చారు. నేను కొన్న ఆటను ఎవరూ మూసివేయలేదు కాబట్టి ఆ భాగ్యమూ లేదు.

అందుకే ఇప్పుడు కొన్న రోజే ఫోనులో గంటన్నరకు అలారం పెట్టుకుంటున్నాను. అది మోగేలోపు ట్రైలర్‌లో చూపిన వాటిలో ఎన్ని నిజంగా ఉన్నాయో చూస్తాను. సమీక్షల్లోనూ గత నెలవే చదువుతాను. మా ఆటకు పైన కనిపించే పొగడ్తలన్నీ మొదటి వారంలో రాసినవే. పడవ, తుఫాను, ఐదు దీవులు తక్కువ ధరకు కనిపిస్తే ముందు చివరి అప్‌డేట్ తేదీ చూడండి.