విశాఖలో టీవీ, తెరపై హైదరాబాద్: స్టిక్ సెట్టింగ్ మార్చాలా, నెట్ మార్చాలా, డిష్ పెట్టాలా?

ఎంవీపీ కాలనీలో టీవీ ఆన్ చేస్తే హోమ్ స్క్రీన్ మీద హైదరాబాద్ ఎండ, వార్తల వరసలో ముందు తెలంగాణ ఛానెళ్లు. దీనికి మూడు దారులున్నాయి: స్టిక్‌లో (టీవీకి తగిలించి నెట్ మీద యాప్‌లు చూసే ఫైర్ టీవీ లాంటి పరికరం) లొకేషన్ మార్చుకోవడం, నెట్ కంపెనీ చేత సరిచేయించడం, లోకల్ వార్తల వరకు కేబుల్‌నో దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్‌నో పట్టుకోవడం. ఏది మేలన్నది స్టిక్‌కి తప్పు ఊరు చెబుతున్నది ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా ఒక సంగతి. నెట్‌లో దొరికే చిట్కాలు చాలావరకు అమెరికా వాళ్లవి. అక్కడ లోకల్ స్టేషన్లు నగరానికో జట్టు ఉంటాయి, యాప్ మీ ఊరు చూసి ఆ జట్టునే ఇస్తుంది. మన దగ్గర శాటిలైట్ ఛానెళ్లు ఊరిని బట్టి మారవు, మహా అయితే రాష్ట్రాన్ని బట్టి రెండుంటాయి: ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ, దూరదర్శన్‌లో సప్తగిరి, యాదగిరి. రెండూ ఎక్కడైనా వస్తాయి, తేడా వచ్చేది వరసలోనే. కాబట్టి బాధ ఆ వరసే అయితే, కావలసిన ఛానెల్‌ని ఫేవరెట్స్‌లో పెట్టుకుంటే పనైపోతుంది. మిగతాదంతా వాతావరణం, జిల్లా వార్తలు, ప్రకటనలు కూడా మన ఊరివే కావాలనుకునేవారికి.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫై మీద ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు) ఏ ఊరో చూపించే సైట్లు రెండు తెరవండి. ఒక్కదాన్నే నమ్మొద్దు, వాటి డేటాబేసులు వేరువేరు. రెండూ విశాఖపట్నం అంటుంటే తప్పు స్టిక్‌లోనో రూటర్‌లోనో ఉంది. హైదరాబాద్ అనో చెన్నై అనో అంటుంటే నెట్ వైపు ఉంది. మొబైల్ హాట్‌స్పాట్‌తో పోల్చి చూసి మోసపోకండి. మొబైల్ డేటా చాలాసార్లు పెద్ద నగరంలోని గేట్‌వే, అంటే కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం, నుంచే బయటికి వెళ్తుంది, గాజువాకలో ఉన్న ఫోన్ కూడా హైదరాబాద్ అనే చెబుతుంది.

స్టిక్ వైపు తప్పయితే మొదటి దారే. ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, లొకేషన్‌లోకి వెళ్లి పిన్‌కోడ్ చూడండి. 500తో మొదలైతే అది హైదరాబాద్‌ది. ఎంవీపీ అయితే 530017, గాజువాక అయితే 530026 కొట్టండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన స్టిక్ అయితే ముందు అమెజాన్ అకౌంట్‌లో దేశం ఇండియా అని ఉందో లేదో చూడాలి. పిన్ మార్చినా యాప్ పాత ఊరే చూపిస్తుంటే, అది గుర్తుపెట్టుకున్నదే చూపిస్తోందన్నమాట. అప్లికేషన్స్‌లో ఆ యాప్ తెరిచి ముందు క్లియర్ క్యాష్, లాభం లేకపోతే క్లియర్ డేటా నొక్కండి. రెండోది నొక్కితే మళ్లీ లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకునే నొక్కండి. తర్వాత రిమోట్‌లో సెలెక్ట్, ప్లే బటన్లు రెండూ కలిపి ఐదు సెకన్లు పట్టుకుంటే స్టిక్ రీస్టార్ట్ అవుతుంది.

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీలది వేరే తంటా. వీటిలో మామూలుగా జీపీఎస్ ఉండదు, చుట్టుపక్కల వైఫై రూటర్లను చూసి ఊరు అంచనా వేస్తాయి. కూకట్‌పల్లిలో వాడిన రూటర్‌ని సీతమ్మధార తెచ్చి పెట్టారనుకోండి, గూగుల్ లెక్కల్లో ఆ రూటర్ కొన్నాళ్లు కూకట్‌పల్లిలోనే ఉంటుంది. ఇల్లు మారిన వాళ్ల టీవీల్లో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి, గూగుల్ హోమ్ యాప్‌లో ఇంటి అడ్రస్ మార్చండి.

ఇక రెండో దారి, నెట్ వైపు. ఇందులో శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. రూటర్ సెట్టింగ్స్ పేజీలో వాన్ (WAN) ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ సీజీనాట్ వెనకాల ఉన్నట్టు. అంటే ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి. ఆ అడ్రస్ హైదరాబాద్ పేరున నమోదై ఉంటే మీ ఒక్క ఇంటి కోసం దాన్ని మార్చరు. స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే ఉండే మారని అడ్రస్, తీసుకోవచ్చు, కానీ నెలనెలా అదనంగా కట్టాలి, అదీ విశాఖ పేరునే నమోదై ఉంటుందన్న హామీ లేదు. మాక్స్‌మైండ్ లాంటి డేటాబేసుల సైట్లలో తప్పు సరిదిద్దమని కోరే ఫారం ఉంటుంది. స్టాటిక్ ఐపీ ఉన్నవాళ్లకే దానివల్ల అర్థముంది. మీ నెట్‌ని వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ జోలికి మాత్రం పోవద్దు. ఊరు సరిచేయబోయి దేశమే తప్పు చూపించుకున్నట్టవుతుంది, కొన్ని ఓటీటీలు అసలు ఆడవు కూడా.

కేవలం వాతావరణం విడ్జెట్ కోసం నెట్ కంపెనీతో యుద్ధం అనవసరం. ఊరి వార్తలే కావాలంటే మూడో దారి నయం. కేబుల్ కనెక్షన్‌లో ఆపరేటర్ సొంత లోకల్ ఛానెల్ వస్తే, దానికి ఐపీతోనూ లొకేషన్‌తోనూ పనిలేదు. ఆ సిగ్నల్ బయల్దేరేదే ఊళ్లోంచి.

ఫ్రీ డిష్‌లో విశాఖకంటూ ఛానెల్ ఉండదు గానీ నెలసరి చందా లేకుండా రాష్ట్ర వార్తలు వస్తాయి. 60 సెంటీమీటర్ల డిష్ చాలు, పాత డీటీహెచ్‌ది మేడ మీద ఉంటే అదే తిప్పుకోవచ్చు. బాక్స్ ఎంపెగ్-4ది కొనండి, పాత ఎంపెగ్-2 బాక్సుల్లో కొన్ని ఛానెళ్లు రావు. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున ఉంది. విశాఖ నుంచి దిక్సూచి మీద సుమారు 149 డిగ్రీలు, అంటే దక్షిణానికి కాస్త తూర్పుగా. ఎత్తు కోణం 66 డిగ్రీల చుట్టూ. ఇంత నిటారుగా చూస్తుంది కాబట్టి పక్క అపార్ట్‌మెంట్ అడ్డం వచ్చేది తక్కువే.

దీని బలహీనత వాన. జోరు వానలో బొమ్మ గళ్లుపడి ఆగిపోతుంది. కానీ 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చినప్పుడు ఫైబర్ తెగితే స్టిక్‌తో పాటు కేబుల్ కూడా పోవచ్చు; డిష్ కదలకుండా ఉంటే, వాన తగ్గగానే బొమ్మ తిరిగొస్తుంది. చాలా బాక్సులు 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, ఇన్వర్టర్ మీద భారం ఉండదు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఇళ్లకు అసలు శత్రువు ఉప్పుగాలి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే చిన్న భాగం) దగ్గర కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పడితే సిగ్నల్ వచ్చిపోతుంటుంది. కనెక్టర్ మార్చి, పైన సాగే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి; అలా చుడితే పై చుట్టు కింది చుట్టు మీద పడి నీళ్లు జారిపోతాయి.