మన ఎండలకు చిక్కటి ఇంజిన్ ఆయిల్ మేలా, పల్చటిదా?

మే నెలలో రామగుండంలోనూ రెంటచింతలలోనూ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కనుక కారులో 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి ఆయిల్ పోయించడమే క్షేమమని మన మెకానిక్‌లలో చాలామంది నేటికీ చెబుతుంటారు. పాత అంబాసిడర్ వంటి బండికి ఆ మాట చెల్లుతుంది. 0డబ్ల్యూ-20 వాడమని మాన్యువల్‌లో రాసివున్న ఇప్పటి పెట్రోల్ కారుకు మాత్రం అది హాని చేసే సలహా.

డబ్బా మీద డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. తరువాతి అంకె 100 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతుంది. నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ అదుపులో పెడతాయి కనుక, బయట 25 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా లోపల వచ్చే తేడా మనం ఊహించుకున్నంత ఉండదు. ఆ వేడిలో 50 గ్రేడు ఆయిల్ 20 గ్రేడుకు రెట్టింపు చిక్కగా ఉంటుంది. బేరింగుల సందులను, సన్నని ఆయిల్ దారులను పల్చటి ఆయిల్‌కు తగినట్లు రూపొందించిన ఇంజిన్‌లో ఇంత చిక్కటిది పోస్తే పంపు మీద భారం, ఇంధన ఖర్చు పెరుగుతాయి. ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తూ వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వాల్వ్ టైమింగ్ వ్యవస్థ మందగిస్తుంది. ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాలలోనే అరుగుదల ఎక్కువ. చిక్కటి ఆయిల్ అప్పుడే పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది.

గ్రేడు తేలాక మినరలా (ముడిచమురును మామూలుగా శుద్ధి చేసినది), సింథటికా (రసాయన ప్రక్రియలతో తయారుచేసినది) అన్న ప్రశ్న చాలావరకు దానంతట అదే తేలిపోతుంది, ఎందుకంటే 0డబ్ల్యూ-20 ఆయిల్ ఎక్కువగా సింథటిక్‌గానే దొరుకుతుంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అనుమతించే పాత ఇంజిన్లకు గడువు తప్పకుండా మారిస్తే మినరల్ చాలు. టర్బో ఉన్న బండికి సింథటిక్ తప్పనిసరి అంటాను, ఎందుకంటే టర్బో బేరింగుల వేడికి మినరల్ ఆయిల్ త్వరగా మాడి గట్టి మడ్డిగా పేరుకుంటుంది. రెండూ కలిపిన సెమీ సింథటిక్‌లో సింథటిక్ పాలు ఎంతన్నది డబ్బా మీద సాధారణంగా ఉండదు కనుక, పేరు చూసి ఎక్కువ ధర పెట్టడం నాకు సమ్మతం కాదు.

2020 ఏప్రిల్ తరువాతి బీఎస్6 డీజిల్ కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్ ఆ మసిని కాల్చివేయగలదు గాని, ఆయిల్‌లోని లోహపు రసాయనాలు మిగిల్చే బూడిదను కాల్చలేదు. అది అక్కడే పేరుకుని క్రమంగా దారి మూసేస్తుంది. ఆ ఫిల్టర్ మార్చే ఖర్చు ముందు ఆయిల్ మీద మిగిల్చిన డబ్బు లెక్కలోకి రాదు. అందువల్ల 5డబ్ల్యూ-30 అన్న అంకె ఒక్కటే సరిపోదు. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) సీ2 లేదా సీ3 అని, అంటే బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ అని ఉంటే డబ్బా మీద కూడా అదే గుర్తు ఉండాలి.

చాలా తిరిగి ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌కు, మాన్యువల్ అనుమతిస్తే, 0డబ్ల్యూ-20 నుంచి 5డబ్ల్యూ-30కి ఒక మెట్టు ఎక్కవచ్చు. అక్కడి నుంచి నేరుగా 20డబ్ల్యూ-50కి పోయే ముందు వాల్వ్ సీళ్లను, పిస్టన్ రింగులను పరీక్ష చేయించాలి.