అద్దెకిచ్చే డమ్మీ ‘ఏకే’: చేతికందేది టైప్ 56

రాజమండ్రిలో నాటకాల సామాను అద్దెకిచ్చే ఒక దుకాణంలో అసలు తుపాకీ కొలతల ఫైబర్ డమ్మీ దొరుకుతోంది. పరిషత్తు నాటికల వాళ్లు, కోనసీమలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఎక్కువగా తీసుకెళ్లేది దీన్నే. అద్దె రోజుకు 400, డిపాజిట్ 3,000. ఏం తుపాకీ అని అడిగితే ‘ఆయ్, ఏకే-47 అండి’ అంటారు. కాదు. అచ్చు తీసింది చైనావారి టైప్ 56 రైఫిల్ నుంచి. సోవియట్ ఏకేకి నకలే అయినా, కథను బట్టి ఈ తేడా మంచీ చెయ్యగలదు, చెడూ చెయ్యగలదు.

గుర్తుపట్టడానికి మూతి దగ్గర చూస్తే చాలు. సోవియట్ ఏకేకు గురి చూసే ముందు సైటు రెండు రెక్కల మధ్య నిలబడి ఉంటుంది, పైన తెరిపి. టైప్ 56కు ఆ రెక్కలు పైన కలిసిపోయి పూర్తి రింగు అయ్యాయి. సైటు సర్దుకోవడానికి నెత్తిమీద చిన్న కన్నం మాత్రం వదిలారు. ఈ డమ్మీలో ఆ కన్నం కూడా వచ్చింది, అచ్చు తీసినవాడికి మెచ్చుకోలు. గొట్టం కింద మడిచిపెట్టిన మేకులాంటి బాయ్‌నెట్ (పొడిచే మొన) ఉంది. రిసీవర్ (తుపాకీ నడుమ ఉండే పెట్టె) పైమూత నున్నగా ఉంది. తర్వాతి సోవియట్ ఏకేఎంకు దానిమీద అడ్డగట్లు ఉంటాయి. పేలే తీరు మార్చే మీట, అంటే సెలెక్టర్ పక్కన ఎల్, డి అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఎల్ వరసపేలుడుకు, డి ఒక్కొక్క తూటాకు. చైనా అక్షరాల బదులు ఇలా ఇంగ్లిష్ అక్షరాలు కొట్టారంటే అసలు తుపాకీ ఎగుమతి సరుకన్నమాట.

ఇంతకీ అది ఎక్కడెక్కడికి చేరిందో తెలిస్తే ఏ కథకు వాడాలో తేలుతుంది. సోవియట్ సాంకేతిక సాయంతో చైనా 1956లో ఈ రైఫిల్‌ను చేపట్టింది. అదే ఏడాది తీసుకున్న ఎస్‌కేఎస్ కార్బైన్‌కూ, ఆర్‌పీడీ మెషిన్‌గన్‌కూ కూడా టైప్ 56 అన్న పేరే పెట్టారు. మూడింటికీ తూటా ఒకటే, 7.62×39 మి.మీ. మొదట్లో రిసీవర్‌ను ఉక్కు దిమ్మె నుంచి చెక్కేవారు, 1960ల మధ్య నుంచి రేకును ప్రెస్సులో వంచి చేశారు. పని తేలికైంది, తయారీ పెరిగింది. వియత్నాంకు, అల్బేనియాకు సాయం కింద వెళ్లింది. 1980లలో చైనా ప్రభుత్వ ఆయుధ సంస్థ నోరింకో దీన్ని అచ్చంగా వ్యాపారం చేసింది. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో రెండు పక్షాల చేతుల్లోనూ చైనా రైఫిళ్లు ఉన్నాయి. సోవియట్ సేనలతో పోరాడిన అఫ్గాన్ ముజాహిదీన్‌లకు అమెరికా సొమ్ముతో, పాకిస్తాన్ దారిన చేరాయి. మొత్తం తయారైనవి కోటికి పైమాటే అని అంచనా.

కాబట్టి 1971 యుద్ధం నాటికలో పాకిస్తాన్ సిపాయికి ఇది ఇవ్వొచ్చు. వాళ్ల దగ్గర జీ3 రైఫిళ్లతో పాటు ఇవీ ఉండేవి. 1987-90లో మన సైన్యం శ్రీలంకలో ఉన్నప్పటి కథైతే ఎల్‌టీటీఈ వారికీ, లంక సైనికులకూ ఇదే సరైనది. లంక సైన్యంలో దీన్ని టి-56 అనే పిలుస్తారు. మన జవానుకు మాత్రం ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ ఉండాలి. 1962 కథలో చైనా సైనికుడి చేతికిస్తే తప్పులేదు గానీ బాయ్‌నెట్ విప్పెయ్యండి, ఆ మడత బాయ్‌నెట్ 1960ల మధ్యలో వచ్చింది. వెనక నిలబడేవాళ్లకు ఎస్‌కేఎస్ కార్బైన్లు ఇస్తే ఇంకా నిజంగా ఉంటుంది. ఇప్పటి చైనా సైనికుడికైతే అస్సలు పనికిరాదు. వాళ్లు 1981 నాటి టైప్ 81ని దాటి, 5.8 మి.మీ. తూటా వాడే క్యూబీజెడ్-95కు, ఆపైన 2019 పరేడ్‌లో చూపిన క్యూబీజెడ్-191కు వెళ్లిపోయారు. ఇక లద్దాఖ్‌లో మనకీ చైనాకీ జరిగిన గల్వాన్ ఘర్షణ మీద నాటిక వేసేవాళ్లకు అద్దె డబ్బులే దండగ: 2020 జూన్ 15 రాత్రి అక్కడ ఒక్క తూటా పేలలేదు.

ఇక పనితనం. పొడవు అసలుదానికి సరిపోయింది, 87 సెంటీమీటర్లు. బరువు దగ్గరే దొరికిపోతుంది. అసలు రైఫిల్ ఖాళీగానే 3.8 కిలోలు, ఇది కిలోన్నర లోపు. నటుడు ఒంటిచేత్తో తిప్పేస్తుంటే చీపురుకట్ట పట్టుకున్నట్టుంటుంది. మ్యాగజైన్ బోలుగా ఉంది కాబట్టి అందులో ఇసుక పోసి దాని నోటికి టేపు వెయ్యండి, బట్టు (భుజానికి ఆనే భాగం) వెనక ఒక ఇనప ముక్క కట్టండి. బరువంతా ముందుకే పెడితే మూతి వాలిపోతుంది. తూటా ఎక్కించడానికి లాగే కాకింగ్ హ్యాండిల్ అతికించేశారు, కదలదు. హ్యాండిల్, సెలెక్టర్ రెండూ కుడివైపే ఉంటాయి, అందుకని క్లోజప్పులు ఎడమవైపు నుంచి తీసుకోవాలి.

విరిగేది ప్రతిసారీ ఒకేచోట, పిడి వెనక బట్టు సన్నబడే మెడ దగ్గర. లోపల రాడ్డు లేదు, కింద పడితే అక్కడే బీట. ఎమ్‌సీల్ పెడితే నాలుగు రోజులు ఆగుతుంది. ఉప్పాడలోనో అంతర్వేదిలోనో ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్లకిస్తే గ్లాస్‌ఫైబర్ మ్యాట్ వేసి రెసిన్ పట్టిస్తారు, అది ఆగుతుంది. సొంతంగా చేసుకుంటే 100 మి.లీ. రెసిన్‌కు హార్డెనర్ 1 నుంచి 2 మి.లీ. మించకూడదు. ఎక్కువైతే వేడెక్కి పగుళ్లిస్తుంది. వానాకాలం గాలిలో తేమకు పైపొర జిగటగానే ఉండిపోతుంది, ఎండ కాసిన రోజు చూసుకోండి. బాయ్‌నెట్ స్క్రూ మామూలు ఇనపది, సముద్రం పక్కన షూటింగ్ అయితే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ముందే కుట్టుమిషన్ నూనె చుక్క వెయ్యండి. రంగు మెరుపు ఎక్కువ, లైట్ల కింద ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది. మెరుపులేని నలుపు స్ప్రే కొట్టనిస్తారా అని దుకాణంలో ముందే అడగాలి, లేకపోతే డిపాజిట్‌లో కోస్తారు. మెడ దగ్గర పాత బీట ఉంటే తీసుకునేటప్పుడే ఫోటో తీసి చూపించండి.

కాలవ గట్ల మీద షూటింగ్ పెట్టుకుంటే పోలీసు స్టేషన్‌లో ముందే కాగితం ఇవ్వండి. దూరం నుంచి చూసేవాళ్లకు ఇది డమ్మీ అని తెలీదు, 112కి ఫోన్ కొడతారు. బస్సులో తెచ్చేటప్పుడు గోనెసంచిలో చుట్టి తెండి.

బట్టు కిందకు మడిచే టైప్ 56-1 డమ్మీ కూడా ఒకటుంది. మడత తెరుచుకోదు, భుజానికి ఆనించి గురిపెట్టే షాట్‌కు కుదరదు. జీపులోనో పడవలోనో కూర్చుని ఒళ్లో పెట్టుకునే పాత్రకు చాలు.