పదకొండేళ్లు తొక్కాక సైకిల్ శిక్షణ: రెండేళ్ల తర్వాత నా సమీక్ష

బెంగళూరులో మారతహళ్లి పక్కనున్న మున్నేకొళాల నుంచి దొమ్మలూరులోని ఆఫీసుకు, పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీదుగా, సుమారు 9 కిలోమీటర్లు 11 ఏళ్లపాటు సైకిల్ మీదే వెళ్లివచ్చిన తర్వాత, 2023లో నాలుగు ఆదివారాల శిక్షణలో చేరాను. "ఇన్నేళ్లు తొక్కి ఇప్పుడు సైకిల్ నేర్చుకోవడానికి డబ్బు కడతారా?" అని మా ఆవిడ నవ్వింది. నాకూ లోలోపల అదే సందేహం ఉండేది. అయితే సైకిల్‌కు లైసెన్సు అక్కరలేదు గనుక, పరీక్ష పేరిటైనా నా తొక్కుడును అంతవరకు ఎవరూ చూడలేదన్న మాట కూడా నిజమే.

మా శిక్షకుడు ఇంగ్లండులో 2007లో మొదలైన బైకబిలిటీ పద్ధతిని అనుసరించేవాడు. అందులో మూడు మెట్లుంటాయి: మొదటిది వాహనాలు తిరగని చోట సైకిల్‌ను అదుపు చేయడం, రెండోది రద్దీ తక్కువగా ఉండే వీధులు, మూడోది రద్దీ రోడ్లు, చిక్కు కూడళ్లు. నావంటివాడు నేరుగా మూడో మెట్టు ఎక్కవచ్చనుకున్నాను గాని, ఆయన ఒప్పుకోలేదు. తీరా చూస్తే ఆ మొదటి మెట్టులోనే నా డబ్బులో సగం గిట్టుబాటైంది.

ఖాళీ పార్కింగ్ స్థలంలో సుద్దతో గీత గీసి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దాటగానే బ్రేకు వేయమన్నాడు. అలవాటుకొద్దీ వెనుక బ్రేకు పట్టాను. చక్రం జరజరా ఈడ్చుకుపోయి ఎనిమిది అంగల దూరంలో ఆగింది. ఒంటిని సీటు వెనక్కి జరిపి, ముందు బ్రేకును క్రమంగా బిగిస్తూ రెండూ కలిపి పడితే నాలుగున్నర అంగలకే ఆగాను. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, తేలికైన వెనుక చక్రానికి నేల మీద పట్టు తగ్గిపోతుంది. ఇది తెలియక, ముందు బ్రేకు పడితే బోర్లా పడతారన్న చిన్ననాటి భయంతో 11 ఏళ్లు సగం బ్రేకుతోనే తొక్కాను. ఎవరినీ గుద్దకపోవడాన్ని నా నైపుణ్యం అనుకున్నాను.

రెండో పాఠం ఇంకా కష్టమైంది. కదిరిలో నాకు సైకిల్ నేర్పినప్పుడు మా నాన్న "వారగా పో నాయనా, లారీలొస్తాయి" అని వెనకాలే పరుగెత్తుతూ చెప్పిన మాట నా ఒంట్లో ఇంకిపోయి ఉంది. శిక్షకుడు దాన్ని తిరగేశాడు: ఆగి ఉన్న కార్లకు డోరు వెడల్పంత, అంటే దాదాపు ఒక మీటరు, ఎడం పాటించాలి, కూడలి దగ్గర పడేటప్పుడు లేన్ మధ్యలోకి రావాలి. 2022 జనవరిలో సవరించిన బ్రిటన్ రోడ్డు నియమావళి 'హైవే కోడ్' చెప్పేదీ ఇదే. అంచున పోయేవాడి పక్కన ఉన్న కాస్త సందులోనే దూరిపోవాలని వెనుక డ్రైవరుకు అనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాణ్ణి చూస్తే ఆగాలో, పక్క లేన్ పట్టాలో అతడు తేల్చుకోక తప్పదు. మొదటి వారమే ఒక ఆటోడ్రైవరు "సైడల్లి హోగ్రీ!" (పక్కన పోండి) అని కన్నడంలో అరిచినప్పుడు సిగ్గుతో మళ్లీ అంచుకు జరిగిపోయాను. మూడు నెలల తర్వాత మురుగేశ్‌పాళ్యలో ఒక బేకరీ ముందు ఆగి ఉన్న కారు డోరు భళ్లున తెరుచుకుంది. దాని అంచు నా హ్యాండిల్‌కు జానెడు దూరంలో ఉండిపోయింది. మునుపటిలా వారగా పోయుంటే అది నేరుగా నా రొమ్ముకు తగిలేది.

మిగతా రెండు ఆదివారాల మీద నాకంత గౌరవం లేదు. బస్సుకు ఎడమవైపు నుంచి దూరకూడదని ఈ ఊళ్లో ఆరు నెలలు తొక్కినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. దాటిపోయే కారు మనకు కనీసం మీటరున్నర వదలాలన్న పాఠం బాగానే ఉంది గాని, దాన్ని వినవలసినవాడు ఆ తరగతిలో లేడు. చేతి సంజ్ఞల పాఠం మాత్రం నాకు నష్టమే చేసింది. నా సైకిల్‌కు ముందు బ్రేకు కుడిచేతి కింద ఉంటుంది. కుడివైపు తిరగడానికి ఆ చేయి చాపానంటే, ఏ బ్రేకును నమ్ముకోమని నేర్పారో దాన్నే వదిలేసినట్టు. కోడిహళ్లి దగ్గర అలా చాపి ఉండగా నీళ్ల కింద దాగిన గుంతలో చక్రం దిగి పడ్డాను, మణికట్టుకు మూడు వారాలు కట్టు కట్టారు. శిక్షణంతా ఎండిన నేల మీదే జరిగింది. బెంగళూరు వాన వారి పాఠ్యప్రణాళికలో లేదు. ఇప్పుడు ముందుగా తల తిప్పి వెనుకవాడి కళ్లలోకి చూస్తాను, నేల చదునుగా ఉంటేనే క్షణంపాటు చేయి చూపిస్తాను. సైకిల్ వంకర పోకుండా భుజం మీదుగా వెనక్కి చూడడం కూడా రెండో ఆదివారమే వచ్చిందని ఒప్పుకోవాలి.

అందువల్ల ఎన్నేళ్లు తొక్కినవారినైనా మొదటి రెండు తరగతులకు వెళ్లమనే చెబుతాను, తర్వాతి రెండింటికి రుసుము విడిగా తీసుకునేటట్టయితే కట్టవద్దంటాను. లోటును నేనే పూడ్చుకుంటున్నాను: వాన వెలిసిన ఆదివారం ఉదయం అదే పార్కింగ్ స్థలానికి వెళ్లి, తడి నేల మీద సుద్ద పడదు గనుక చెప్పు విడిచి గుర్తుగా పెట్టి, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి రెండు బ్రేకులూ పడతాను. నావి చక్రం అంచును, అంటే రిమ్మును, నొక్కి ఆపే రిమ్ బ్రేకులు కాబట్టి ముందు రిమ్ము మీది నీరు తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. పోయిన నెల ఏడు అంగలు పట్టింది.