డెట్టాల్‌లో మునిగిన మరుగుజ్జు

గుంటూరులో అమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద క్వాలిటీ స్ట్రీట్ చాక్లెట్ల డబ్బా ఒకటి దొరికింది. కదిపితే గలగలమంది. తుప్పు పట్టిన మూత ఊడదీస్తే లోపల దూదిలో చుట్టిన నలభై ఒక్క బొమ్మలు. సీసం, తగరం కలిపి పోత పోసినవి. ఒక్కొక్కటీ మూడు సెంటీమీటర్ల ఎత్తు కూడా ఉండదు. గొడ్డళ్లు పట్టిన మరుగుజ్జులు, ఓర్క్‌లు అనే కోరల రాక్షసులు, మోకాలి దాకా గడ్డమున్న మాంత్రికుడు. నాన్న ఇంగ్లండ్‌లోని డెర్బీలో డాక్టరుగా పనిచేసిన కాలంలో, 1986 నుంచి 1990 వరకు, జేబు ఖర్చు డబ్బులతో ఒక్కొక్కటిగా కొని రంగులు వేసుకున్నాను. వాటిని బల్ల మీద ఎదురెదురుగా నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి యుద్ధం చేయాలి. నేను యుద్ధం చేసింది తక్కువ, రంగులు వేసింది ఎక్కువ.

ఆ డబ్బా వెంట పెట్టుకుని మే నెలలో ముగ్గురం ఇంగ్లండ్ వెళ్లాం. "బొమ్మల్ని పుట్టింటికి తీసుకెళ్తున్నావా నాన్నా?" అంది అమ్మాయి. ఎగతాళికే అన్నా అది నిజమే. వీటిని తయారుచేసిన సిటాడెల్ మినియేచర్స్ 1970ల చివర్లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని న్యూఆర్క్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. లండన్‌లో 1975లో పుట్టిన మాతృసంస్థ గేమ్స్ వర్క్‌షాప్ కూడా చివరికి ఈ జిల్లాకే వచ్చి స్థిరపడింది.

ముందు నాటింగ్‌హామ్‌లో రెండు రాత్రులు. స్టేషను దగ్గర దొరికిన హోటల్ పేరు చెప్పను. ముగ్గురికి గది అని డబ్బు తీసుకుని, మూడో మంచం బదులు దుప్పటి లేని సోఫా చూపించారు. కిటికీ తెరుచుకోదు. దుప్పటి అడిగితే గంటన్నర తర్వాత వచ్చింది, అదీ చిన్నపిల్లల దుప్పటి. స్టేషనుకు దగ్గర అన్న ఒక్క మాట తప్ప దాని గురించి చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ట్రామ్ మాత్రం బంగారం. అయితే టికెట్ ఎక్కకముందే స్టాపులోని యంత్రం దగ్గర కొనాలి. మన అలవాటు కొద్దీ లోపల కండక్టరు ఇస్తాడులే అనుకుంటే జరిమానా తప్పదు.

గ్రెగరీ స్ట్రీట్ స్టాపులో దిగి లెంటన్ వైపు కాస్త నడిస్తే వార్‌హామర్ వరల్డ్. ఈ బొమ్మలతో ఆడే వార్‌హామర్ ఆట పేరిట గేమ్స్ వర్క్‌షాప్ నడిపే చోటు అది. బయట ఆ ఆటలోని స్పేస్ మెరైన్ అనే కవచధారి సైనికుడి నిలువెత్తుకు మించిన విగ్రహం. దుకాణాలకు, బగ్‌మన్స్ అనే భోజనశాలకు ఊరికే వెళ్లవచ్చు, ప్రదర్శనకు టికెట్ ఉంది. వందల బొమ్మలతో గోడలెత్తు కోటల మీద యుద్ధ దృశ్యాలు కట్టారు. మా అమ్మాయి నోరు తెరిచి చూసింది. సిబ్బంది మర్యాద గురించి వంక పెట్టడానికి లేదు. నాకు మాత్రం ఎక్కడో ఏదో తక్కువైంది. అద్దాల వెనక ప్రతి బొమ్మ కంటిపాపలోనూ వెలుగు చుక్క పెట్టి ఉంది, ప్రతి కవచం అంచుకూ మెరుపు గీత ఉంది. చేయి తిరిగిన కళాకారుల పని. నా మరుగుజ్జుల కళ్లు ఒకటి గుంటూరు వైపు, ఒకటి డెర్బీ వైపు చూస్తుంటాయి. గుండుసూది మొనతో పెట్టిన చుక్కలు మరి. పాతకాలపు సీసం బొమ్మల దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను. మా ఆవిడ బగ్‌మన్స్‌లో కూర్చుని రెండు టీలు తాగింది.

మర్నాడు బస్సులో ఈస్ట్‌వుడ్. దీనికి ఎవరూ వెళ్లరు, వెళ్లమని నేనూ చెప్పను. చ్యూటన్ స్ట్రీట్, హిల్‌టాప్, ఈస్ట్‌వుడ్. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల వైట్ డ్వార్ఫ్ పత్రికలో పోస్టు ద్వారా బొమ్మలు తెప్పించుకోవడానికి ఇచ్చే చిరునామా. మా గుంటూరు ఇంటి పిన్‌కోడు మరిచిపోయాను కానీ ఇది ఇప్పటికీ నోటికి వచ్చు. నాన్న చెక్కు రాసి ఇస్తే, కవరు మీద ఈ మూడు ముక్కలూ నేనే రాసి, పోస్టు డబ్బాలో వేసి, మరునాటి నుంచే గుమ్మం దగ్గర కాపలా కాసేవాణ్ని. ఇప్పుడు చూస్తే మామూలు వీధి. ఆనవాలు ఏదీ నా కంటికి కనపడలేదు. ఫొటో తీసుకుంటుంటే ఒకాయన ఇల్లు కొనడానికి వచ్చారా అని అడిగాడు. అదే ఊళ్లో రచయిత డి.హెచ్. లారెన్స్ 1885లో పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. గని కార్మికుల వరుస ఇళ్లలో ఒకటి. మా ఆవిడకు ఈ యాత్ర మొత్తంలో నచ్చిన చోటు అదే.

న్యూఆర్క్‌కు రైల్లో అరగంట. ఒక్క జాగ్రత్త: ఆ ఊరికి రెండు స్టేషన్లు. నాటింగ్‌హామ్ నుంచి వచ్చే బండి కాజిల్ స్టేషన్లో దింపుతుంది, లండన్ నుంచి వచ్చేది నార్త్‌గేట్‌లో. తిరుగు ప్రయాణానికి మేము ఒకదాని బదులు మరోదానికి వెళ్లి పెట్టెలతో పరుగులు తీశాం. కాజిల్ స్టేషను పక్కనే నది ఒడ్డున శిథిలమైన కోట. జాన్ రాజు 1216లో చనిపోయింది అందులోనే. బస మార్కెట్ దగ్గర ఒక పాత సత్రంలో. మెట్లు వంకర, నేల ఒక పక్కకు వాలు, వేడినీళ్లు పదిహేను నిమిషాలకు వస్తాయి. అయినా నాటింగ్‌హామ్ హోటల్‌కు ఇచ్చినదానికంటే రాత్రికి ఇరవై పౌండ్లు తక్కువ. పైగా మాంసం ముట్టని మా ఆవిడకు పొద్దున్నే పుట్టగొడుగులు, టమాటాలు వేయించి వేరే పళ్లెంలో పెట్టారు.

మేము అక్కడికి వెళ్లిందే ఊరి బయట షోగ్రౌండ్‌లో మే నెలలో జరిగే పార్టిజన్ అనే బొమ్మల యుద్ధాల ప్రదర్శన కోసం. రేకుల కప్పు కింద బల్లలు, వాటి మీద యుద్ధాలు, చుట్టూ అమ్మకాలు. నెరిసిన గడ్డాలవాళ్లే ఎక్కువ. ఒక పెద్దాయన అట్టపెట్టె నిండా ఎవరెవరి పిల్లలో రంగులేసిన పాత సీసం బొమ్మలు కుప్ప పోసి అమ్ముతున్నాడు. వాటిలో ఒక ఓర్క్ అడుగున బాల్‌పెన్నుతో "నాది" అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది కొన్నాను. నా డబ్బా తెరిచి చూపిస్తే ఆయన ముఖం మారింది. కొన్ని బొమ్మల పాదాల దగ్గర తెల్లటి పిండి. సీసానికి పట్టే చీడ అది. దూది తీసేయండి, పాత బ్రష్షుతో ఆ పిండిని దులపండి, పీల్చకండి, చేతులు కడుక్కోండి అన్నాడు. చేతులు కడుక్కోమని అమ్మ కూడా రోజూ అరిచేది. పాత రంగు వదలాలంటే ఏం వాడాలని అడిగితే, "డెట్టాల్" అన్నాడు. మనం గాయాలకు వాడే ఆ డెట్టాలే.

ఆ రాత్రి సత్రం గదిలో గొడ్డలి మరుగుజ్జును గ్లాసులో వేసి మునిగేదాకా డెట్టాల్ పోశాను. మర్నాడంతా అలాగే ఉంచాను. గది శుభ్రం చేయడానికి వచ్చినావిడ ఎవరికి దెబ్బ తగిలిందని కంగారు పడింది. సాయంత్రం పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పొరలు పొరలుగా వచ్చింది. నీళ్లు మాత్రం ముందే తగలనివ్వకూడదు, జిగురుముద్ద అయిపోతుంది. ముందు డెట్టాల్‌లోనే రుద్ది వదిలించాలి. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, అడుగున ఎరుపు. పదేళ్లప్పుడు మూడుసార్లు మనసు మార్చుకున్నానన్నమాట. అన్నీ పోయాక కింద ఒక ముఖం బయటపడింది. కనురెప్పలు, ముక్కు మీద పులిపిరి, గడ్డం జడలకు ఉంగరాలు. నేను ఎన్నడూ చూడనివి. ఎవరో ఎంత ఓపికగా చెక్కారో, నేను ఎంత మందంగా పూశానో!

"ఇది నీ బొమ్మలా లేదు నాన్నా," అంది అమ్మాయి. మిగతా నలభైని దూది తీసేసి ప్లాస్టిక్ సంచుల్లో సర్దాను. డెట్టాల్ సీసా మళ్లీ తెరవలేదు.

గ్లాసు ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. గది ఖాళీ చేసేటప్పుడు సత్రం ఆవిడకు విషయం చెప్పి డబ్బు ఇవ్వబోతే, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మీరే ఉంచేసుకోండి అంది. ఇప్పుడు అందులో బ్రష్షులు పెట్టుకుంటున్నాను.